చూరు కింద నుంచి చూసిన చరిత్ర: వానాకాలం, ఇల్లు, పక్షుల పరిశీలన



ముసురు పట్టిన రోజున మీ ఇల్లు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. బడికి సెలవిచ్చారు. వసారాలో దండెం మీద ఆరని బట్టలు వేలాడుతున్నాయి. వంటింట్లోంచి వేయించిన మొక్కజొన్న వాసన వస్తోంది. అమ్మ ఆవకాయ జాడీకి వాసెన గట్టిగా కట్టిందో లేదో చూసుకుంటోంది. తాతగారు పంచాంగం తీసి ఇది ఏ కార్తె అని చూస్తున్నారు. మీకు ఏమీ తోచక కిటికీ దగ్గర కూర్చున్నారు. ఎదురుగా కరెంటు తీగ మీద ఒక కాకి తడిసి ముద్దయి, రెక్కలు విదిలించుకుంటోంది. చూరు కింద పిచ్చుక ఒకటి గడ్డిపోచ ముక్కున పట్టుకుని లోపలికి వెళ్తోంది.

దీనికీ చరిత్రకూ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. చరిత్ర అంటే యుద్ధాలు, రాజవంశాలు, ఒప్పందాలు అని మనం అలవాటుగా అనుకుంటాం. కానీ మనుషులు తీరిక వేళల్లో ఏం చేశారు, ఏం గమనించారు, గమనించినది రాసిపెట్టారా లేదా అన్నది కూడా చరిత్రే. మన దేశంలో పక్షుల గురించిన జ్ఞానం చాలా వరకు ఇలాంటి వాన రోజుల్లో, ఇంటి పరిసరాల్లోనే పుట్టింది. అందుకు రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, వాన మనిషిని ఇంటిపట్టున కూర్చోబెడుతుంది. రెండు, గింజలు, పురుగులు సమృద్ధిగా దొరికే ఆ కాలంలోనే గిజిగాడు, సారస కొంగ వంటి ఎన్నో పక్షులు గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. కదలకుండా కూర్చున్న మనిషి, ఒకే చోట పదేపదే తిరిగే పక్షి ఎదురుపడే కాలం అది. ఆ చరిత్రను ఈ పాఠంలో కొన్ని ఘట్టాలుగా చూద్దాం.

వాన వస్తే ఆగిపోవాలి

నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకుతాయి. ఆ తర్వాత కొద్ది రోజులకే మన ప్రాంతానికి చేరతాయి. వాతావరణ శాఖ 1875లో ఏర్పడక ముందు కూడా మన రైతుకు తన లెక్క తనకుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలు, మృగశిరలో తొలకరి, ఆరుద్రలో ఎర్రని మఖమల్ వంటి ఆరుద్ర పురుగులు. కార్తెలు లెక్కపెట్టడమంటే ప్రకృతిని గమనించి జ్ఞాపకం ఉంచుకోవడమే. ఆ జ్ఞాపకం చాలా వరకు నోటి మాటగానే సాగింది.

వానాకాలంలో ప్రయాణం ఆపి ఒకచోట ఉండడమన్నది మన దేశంలో చాలా పాత ఆచారం. బౌద్ధ భిక్షువులు మూడు నెలలు ఒకే చోట గడిపే 'వర్షావాసం', జైనుల 'చాతుర్మాస్యం' మీరు వినే ఉంటారు. బౌద్ధుల వినయ పిటకం ఈ నియమం ఎలా వచ్చిందో ఒక కథగా చెబుతుంది. భిక్షువులు వానాకాలంలో కూడా తిరుగుతూ పచ్చగడ్డిని, చిన్న చిన్న ప్రాణులను తొక్కేస్తున్నారని ప్రజలు నొచ్చుకున్నారు. పక్షులు కూడా చెట్ల మీద గూళ్ళు కట్టుకుని వానకాలం ఒకచోట ఉంటాయి కదా, వీళ్ళకు ఆ మాత్రం తెలియదా అని ప్రశ్నించారు. అప్పుడు బుద్ధుడు వర్షావాస నియమం పెట్టాడు. ఇందులో ఒక విశేషం గమనించండి. వానలో పక్షి ఏం చేస్తుందో ఊరి జనానికి ముందే తెలుసు. ఆ తెలివిడి నుంచి ఒక నియమం పుట్టింది. నాగార్జునకొండలోనూ, విశాఖ సమీపంలోని బావికొండ, తొట్లకొండల మీదా మీరు చూసే విహారాల చిన్న చిన్న గదులు ఇలా ఆగి బతికిన జీవితానికి గుర్తులు.

వాన అందరికీ ఇష్టమైన అతిథి కాదు. 1526లో పానిపట్టు యుద్ధం గెలిచిన బాబరు తన జ్ఞాపకాల గ్రంథంలో హిందుస్థాన్ వానాకాలం గురించి రాశాడు. వాన పడేటప్పుడు గాలి హాయిగా ఉంటుందని మెచ్చుకుంటూనే, ఆ తేమకు విల్లులు పాడైపోతాయనీ, కవచాలు, పుస్తకాలు, బట్టలు, సామాన్లు చెడిపోతాయనీ, ఇళ్ళు కూడా ఎక్కువ కాలం నిలవవనీ వాపోయాడు. బీరువాలోని పుస్తకాలకు బూజు పట్టిందని మీ ఇంట్లో ఎవరైనా విసుక్కుంటే, ఆ విసుగు వయసు దాదాపు 500 ఏళ్ళని చెప్పండి. అదే గ్రంథంలో బాబరు ఇక్కడి జంతువులను, పక్షులను ఒక్కొక్కటిగా వర్ణించాడు. కొత్త దేశాన్ని అర్థం చేసుకోవడానికి అతనికి అదొక మార్గం.

అహ్మదాబాదులో ఒక వానాకాలం

బాబరు మునిమనుమడు జహంగీరు 1618 వానాకాలాన్ని అహ్మదాబాదులో గడపవలసి వచ్చింది. ఆ ఊరు అతనికి నచ్చలేదు. అక్కడి దుమ్ము, జ్వరాలు చూసి ఊరికి రకరకాల పరిహాసపు పేర్లు పెట్టాడు. చక్రవర్తి, ఆయన కుమారుడు ఇద్దరూ జబ్బుపడ్డారు. అయితే ఆ చిరాకు రోజుల్లోనే జహంగీరు పక్షుల చరిత్రలో నిలిచిపోయే పని ఒకటి చేశాడు.

ఆయన దగ్గర పెంపుడు సారస కొంగల జంట ఉండేది. వాటికి లైలా, మజ్నూ అని పేర్లు. వానాకాలంలో అవి జతకట్టి గుడ్లు పెట్టాయి. గుడ్లు ఎప్పుడు పెట్టిందీ, రాత్రంతా ఆడది పొదుగుతుంటే మగది దగ్గర నిలబడి ఎలా కాపలా కాసిందీ, పిల్లలు ఎన్నాళ్ళకు బయటికొచ్చిందీ ఆయన తన దినచర్య గ్రంథంలో వరుసగా రాయించాడు. పొదిగే కాలం ఆయన లెక్కలో సుమారు 34 రోజులు. నేటి శాస్త్రవేత్తలు చెప్పే లెక్కకు ఇది దగ్గరగా ఉంది.

రాజులు పక్షులను వేటాడారు, పంజరాల్లో పెట్టారు, బొమ్మలు గీయించారు. జహంగీరు కూడా గొప్ప వేటగాడే. ఆయన ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూరు గీసిన పక్షుల బొమ్మలు నేటికీ ప్రసిద్ధం. కానీ సారసల విషయంలో ఆయన చేసింది వేరు. చూడడం, ఆగడం, మళ్ళీ చూడడం, తేదీ వేసి రాయడం. చూసింది చక్రవర్తి కాబట్టి ఆ రాత మిగిలింది. అదే వానలో అదే ఊళ్ళో ఒక రైతు తన పొలంలో సారసలను చూసి ఉండవచ్చు. అతని పరిశీలన మనకు అందలేదు. ఈ తేడాను మనసులో ఉంచుకోండి. పాఠం చివర మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

వరండాలో దొరలు, పోయిన కాగితాలు

19వ శతాబ్దంలో పక్షుల పరిశీలన ఒక అభిరుచిగా రూపుకట్టింది. ఉద్యోగరీత్యా మన దేశానికి వచ్చిన ఆంగ్లేయులు చాలామంది పక్షుల చర్మాలను, గుడ్లను సేకరించేవారు. ఆ రోజుల్లో పక్షిని తెలుసుకోవడమంటే ముందు దాన్ని కాల్చడమే. నెల్లూరులో సర్జనుగా పనిచేసిన టి.సి. జెర్డన్ 1862-64 మధ్య భారతదేశ పక్షుల మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. అందులో శాస్త్రీయ నామాల పక్కన తెలుగుతో సహా మన భాషల్లోని పేర్లు కూడా ఇచ్చాడు. ఆ పేర్లు ఆయన సృష్టించినవి కావు. పక్షులను పట్టేవారి నోటా, పల్లె జనం నోటా ఉన్నవి. ఆ జనం పేర్లు మాత్రం గ్రంథంలోకి పెద్దగా ఎక్కలేదు.

1883 సెప్టెంబరులో బొంబాయిలో ఎనిమిది మంది కలిసి బొంబాయి సహజచరిత్ర సంఘాన్ని స్థాపించారు. వారిలో ఆత్మారాం పాండురంగ్, సఖారాం అర్జున్ అనే ఇద్దరు భారతీయ వైద్యులు ఉన్నారు. మరొక సభ్యుడు ఇ.హెచ్. ఐట్కెన్ తన బంగళా వరండాలోకి వచ్చే బల్లులు, చీమలు, కాకులు, కప్పల గురించి హాస్యంగా రాసి పేరు తెచ్చుకున్నాడు. సరిహద్దుల్లోని తెగలతో ప్రభుత్వం యుద్ధాలు చేస్తున్న కాలంలో, తన ఇంటి సరిహద్దులో దండెత్తే తెగలు ఇవీ అని ఆయన చమత్కారం. ఇల్లే ఒక అడవి అనే చూపు అది.

ఇదే కాలానికి చెందిన ఎ.ఓ. హ్యూమ్ మీకు భారత జాతీయ కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకరిగా తెలుసు. ఆయన అప్పట్లో దేశంలోనే అతిపెద్ద పక్షుల సేకరణ గలవాడు. 1882లో ఉద్యోగం వదిలాక, సుమారు 25 ఏళ్ళ పరిశీలనల ఆధారంగా భారతదేశ పక్షులపై ఒక మహాగ్రంథం రాయాలనుకున్నాడు. కానీ సిమ్లాలో ఆయన ఇంట్లో లేనప్పుడు, ఒక నౌకరు ఆ రాతప్రతులను చిత్తుకాగితాల కింద బజారులో అమ్మేశాడు. హ్యూమ్ మనసు విరిగిపోయింది. తన సేకరణను 1885లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశాడు. అందులో దాదాపు 80,000 నమూనాలు ఉన్నాయి. కాంగ్రెస్ తొలి సమావేశం జరిగింది కూడా ఆ ఏడాదే.

ఈ సంఘటన నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. చూసినది రాయకపోతే పోతుంది. రాసినది ఒక్కచోటే ఉంచినా పోతుంది. నలుగురితో పంచుకున్న పరిశీలనే నిలుస్తుంది.

కిహీంలో ఉద్యోగం లేని మనిషి

ఇప్పుడు మన పాఠానికి కేంద్రమైన ఘట్టానికి వద్దాం. సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ ఇంట్లో పెరిగారు. పదేళ్ళ ప్రాయంలో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. దాని మెడ మీద పసుపు మచ్చ ఉంది. అదేమిటో తెలుసుకోవాలని బొంబాయి సహజచరిత్ర సంఘం కార్యాలయానికి వెళ్ళారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ ఆ పిల్లవాడిని తరిమేయకుండా సంఘంలోని పక్షుల సేకరణ అంతా చూపించాడు. ఒక జీవితం అక్కడ మలుపు తిరిగింది.

1926లో ఆయనకు బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. మొగలు చక్రవర్తులను ప్రకృతి పరిశీలకులుగా పరిచయం చేస్తూ 1927-28లో ఆయన వ్యాసాలు రాశారు. అంటే, జహంగీరు సారసల కథ ఆయనకు బాగా తెలుసు. తర్వాత సెలవు పెట్టి జర్మనీ వెళ్ళి, బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెసెమాన్ వద్ద శాస్త్రీయ పద్ధతులు నేర్చుకున్నారు. 1930లో తిరిగి వచ్చేసరికి నిధులు లేవని ఆ ఉద్యోగం తీసేశారు. విదేశాల్లో నేర్చుకుని వచ్చిన మనిషికి ఇక్కడ పని లేదు. భార్య తెహ్మినాతో కలిసి ఆయన బొంబాయికి దగ్గరలో, అలీబాగ్ ప్రాంతంలో ఉన్న కిహీం అనే సముద్రతీర గ్రామానికి మకాం మార్చారు.

కొంకణ తీరంలో వానాకాలం అంటే ఎడతెగని వాన. ఊళ్ళో గిజిగాళ్ళు గూళ్ళు కడుతున్నాయి. సలీం అలీ వాటిని చూడడం మొదలుపెట్టారు.

గిజిగాడి గూడు మీకు తెలుసు. తాటిచెట్టుకో, ఈతచెట్టుకో, నీళ్ళమీదికి వంగిన తుమ్మకొమ్మకో వేలాడే సొరకాయ బుర్రలాంటి గూడు. వానలో తడుస్తున్న కోతికి పక్షి నీతి చెప్పబోయి గూడు పోగొట్టుకున్న పంచతంత్ర కథ మీరు చిన్నప్పుడే విన్నారు. గూట్లో వెలుతురు కోసం మట్టిముద్దకు మిణుగురు పురుగులను అతికిస్తుందని మన పల్లెల్లో చెప్పుకుంటారు. మట్టిముద్ద నిజమే గాని మిణుగురుల దీపం మాత్రం కల్పన. గూడు నేసేది మగపక్షి. పచ్చని వరి ఆకులను, గడ్డిని, తాటాకులను సన్నని పేలికలుగా చీల్చి, ఒక్కొక్కటిగా తెచ్చి ముక్కుతో ముడులు వేస్తూ అల్లుతుంది. అందుకోసం వందల సార్లు ఎగిరి వస్తుంది. గూళ్ళు తరచుగా చెట్టుకు తూర్పువైపున ఉంటాయి. నైరుతి గాలివాన దెబ్బ నేరుగా తగలకుండా ఉండేందుకని దీనికి కారణం చెబుతారు.

ఒక చెట్టుకు వేలాడే గూళ్ళలో చాలా వాటి పని సగంలోనే ఆగిపోయి ఉంటుంది. ఎందుకు? దీనికి జనం రకరకాల ఊహలు చెప్పేవారు. సలీం అలీ ఊహించలేదు. ఏ మగపక్షి ఏ గూడు కట్టింది, ఏ ఆడపక్షి ఎప్పుడు వచ్చింది, తర్వాత ఏం జరిగిందని రోజుల తరబడి గమనించి రాసుకున్నారు. అసలు సంగతి అప్పుడు బయటపడింది. మగపక్షి గూడును సగం వరకు కట్టి ఆపుతుంది. అది చూడడానికి బోర్లించిన శిరస్త్రాణంలా ఉంటుంది. ఆడపక్షులు వచ్చి పరీక్షిస్తాయి. నచ్చితే ఒకటి అందులో స్థిరపడుతుంది. అప్పుడే మగపక్షి మిగతా గూడు, పొడవాటి గొట్టంలాంటి ద్వారం పూర్తి చేస్తుంది. ఆడపక్షి గుడ్లు పొదగడం మొదలుపెట్టగానే అది పక్కనే మరో గూడు మొదలుపెట్టి మరో జతకోసం చూస్తుంది. ఏ ఆడపక్షికీ నచ్చని గూడు అలా సగంలోనే మిగిలిపోతుంది. ఎంపిక చేసేది ఆడపక్షి అన్నమాట.

ఈ పరిశోధన 1931లో సంఘం పత్రికలో వెలువడి సలీం అలీకి పేరు తెచ్చింది. దీనికి పెద్ద ప్రయోగశాల అవసరం కాలేదు. తుపాకీ అవసరం కాలేదు. కావలసివచ్చినవి ఒక చెట్టు, ఒక నోటుపుస్తకం, ఓపిక. చనిపోయిన పక్షి చర్మం చూసి పేరు పెట్టే శాస్త్రం నుంచి, బతికున్న పక్షి ఎలా బతుకుతుందో చూసే శాస్త్రానికి మన దేశంలో ఇదొక ముఖ్యమైన మలుపు.

ఆ వెంటనే 1931-32లో ఆయన నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. తర్వాత సాగిన ఎన్నో ప్రాంతీయ సర్వేలకు ఇది నాంది. అంటే, కిహీం వానలో పదునెక్కిన చూపు నేరుగా మన నేల మీదికి వచ్చింది. 1941లో ఆయన రాసిన భారతీయ పక్షుల పుస్తకం వేలాది ఇళ్ళలోకి చేరి, పక్షులను చూడడాన్ని సామాన్యుల అభిరుచిగా మార్చింది. 1987 జూన్ 20న, మరొక వానాకాలం మొదలవుతున్న రోజుల్లో ఆయన కన్నుమూశారు.

రాసినవారు, రాయనివారు

ఇంతవరకు చెప్పుకున్నవారిని చూడండి. చక్రవర్తులు, అధికారులు, చదువుకున్న నగరవాసులు. మరి చూరు కింద పిచ్చుక గూటిని రోజూ చూసే ఇల్లాలు? గిజిగాడు గూడు కట్టిన ఎత్తును బట్టి వాన ఎంత పడుతుందో అంచనా కట్టే రైతు? వారికి తెలిసినదంతా సరైనదని కాదు. అంచనాను పరీక్షించవలసిందే. కానీ వారు చూశారన్నది నిజం. కడప జిల్లాలోని కలివికోడి దీనికి మంచి సాక్ష్యం. అది అంతరించిపోయిందని శాస్త్రవేత్తలు భావించారు. 1986లో స్థానికుల సహాయంతోనే మళ్ళీ దొరికింది.

ఈ గోడను కొందరు దాటారు. బీహారుకు చెందిన జమాల్ ఆరా పెద్ద చదువులు లేకుండానే 20వ శతాబ్దం మధ్యలో ఛోటానాగపూర్ పక్షుల గురించి వ్యాసాలు రాశారు. నేషనల్ బుక్ ట్రస్ట్ ద్వారా పిల్లల కోసం పక్షుల పరిశీలనపై పుస్తకం కూడా వెలువరించారు. 1959లో జాఫర్ ఫతేహల్లీ పక్షి పరిశీలకుల కోసం ఒక చిన్న వార్తాలేఖ ప్రారంభించారు. పల్లెలోని ఉపాధ్యాయుడు, రైల్వే ఉద్యోగి, కళాశాల విద్యార్థి ఎవరైనా తమ పెరట్లో చూసినది అందులో రాయవచ్చు. అభిరుచికి ప్రజాస్వామ్యం అబ్బిందని చెప్పవచ్చు.

నేటి లెక్క, మీ బాధ్యత

ఇప్పుడు ఆ పని మొబైల్ ఫోన్ల ద్వారా సాగుతోంది. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితిగతుల నివేదిక 30,000 మందికి పైగా పరిశీలకులు నమోదుచేసిన సుమారు 3 కోట్ల పరిశీలనల మీద ఆధారపడింది. అందులో 942 జాతులను అంచనా వేశారు. దీర్ఘకాలిక ధోరణి చెప్పడానికి తగిన సమాచారం 338 జాతులకే దొరికింది. వాటిలో 204 జాతులు తగ్గిపోయాయి. తగ్గుతున్న వాటిలో దసరానాడు మనం చూసి దణ్ణం పెట్టుకునే పాలపిట్ట కూడా ఉంది.

మిగతా 600 జాతుల సంగతి ఏమిటి? చెప్పడానికి తగినంత సమాచారం లేదు. చాలామంది వలస పక్షుల కోసం చలికాలంలో బయలుదేరతారు. వానలో ఇంట్లో ఉండిపోతారు. పక్షులు గూళ్ళు కట్టే కాలంలోనే నోటుపుస్తకాలు మూతపడుతున్నాయి. దీన్ని సరిదిద్దే ప్రయత్నాలూ జరిగాయి. 2015-2020 మధ్య కేరళలో వందలాది ఔత్సాహికులు వానలు లేని పొడికాలంలోనూ, వానాకాలంలోనూ రాష్ట్రమంతా తిరిగి పక్షుల అట్లాసు తయారుచేశారు.

జహంగీరు కాలంలో రైతు చూసినది రాయడానికి మార్గం లేదు. మీకు ఆ సాకు లేదు. కాబట్టి ఈ వానాకాలంలో ఒక పని చేయండి. ఒక నోటుపుస్తకం తీసుకుని మీ కిటికీలోంచి కనిపించే ఒక చెట్టునో, ఒక చూరునో ఎంచుకోండి. రోజూ 15 నిమిషాలు చూడండి. తేదీ, సమయం, వాన ఉందా లేదా, ఏ పక్షి, ఎన్ని, ఏం చేస్తోంది అన్నవి రాయండి. పేరు తెలియకపోతే రంగు, ముక్కు, తోక వర్ణించండి. మీ అమ్మమ్మను ఆ పక్షిని ఏమని పిలుస్తారో అడిగి ఆ పేరూ రాయండి. గూటిని ముట్టుకోకండి, గుడ్లు తీయకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. చిలుకలను పంజరంలో పెంచడం కూడా నేరమే. రాసినదాన్ని హ్యూమ్ కాగితాల్లా ఒక్కచోటే ఉంచకండి. మీ ఉపాధ్యాయులకు చూపండి, మిత్రులతో పంచుకోండి.

పాఠం మొదట్లో గడ్డిపోచతో లోపలికి వెళ్ళిన ఆ పిచ్చుక బయటికి ఎప్పుడు వచ్చింది? మళ్ళీ ఏం తెచ్చింది? ఆ జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. ఈసారి వాన పడ్డప్పుడు మీరే చూసి రాయాలి.